కోచ్ మార్తా పొగిడిన రోజు

మా వదిన నోట ఒక మంచి మాట రాబట్టడం కన్నా ఎండుకొబ్బరి పిండి నీళ్ళు తీయడం తేలిక. నేను కోడలిగా వచ్చిన కొత్తలో చేపల పులుసు పెడితే, మారు మారు వడ్డించుకుని తిని, వేళ్ళు కూడా నాకి, "ఏదోనే, ఆకలి మీదున్నాను గనక దిగినాది" అంది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. మా ఆయన రేమండ్ వెనకాలే వచ్చి పడీ పడీ నవ్వాడు. "పిచ్చిదానా, నచ్చకపోతే మా అక్క చాలా బాగుందని చెప్పి చెయ్యి కడిగేసుకునేది. నిన్ను ఇంటిమనుషుల్లో కలిపేసుకున్నాది" అన్నాడు. అప్పటికి నమ్మలేదు. తర్వాత నమ్మక తప్పలేదు.

మా వదిన అంటే కోచ్ మార్తా. మలేసియాలో బాస్కెట్‌బాల్ చూసేవాళ్ళకు ఆ పేరు ఒక్కటి చాలు. ఒకప్పుడు దేశం జట్టులో ఆడింది. ఇప్పుడు క్లాంగ్ పెలికాన్స్ అనే ఆడవాళ్ళ ప్రొఫెషనల్ జట్టుకు కోచ్. నేను, అబిగెయిల్‌ని, అదే జట్టుకు మేనేజర్‌ని. పేరు చూసి పెద్ద పదవి అనుకోకండి. బస్సు మాట్లాడడం, ఎవరి మోకాలికి ఏ పట్టీ కావాలో చూడడం, మా వదిన తిట్టాక మొహాలు మాడ్చుకున్న పిల్లలకు చల్లటి మైలో కలిపి ఇవ్వడం నా పని. చివరి పనికే ఎక్కువ టైము పడుతుంది.

మా వదిన సుంగై సుమున్ దగ్గర ఒక తోటలో, కూలీల లైను ఇళ్ళల్లో పుట్టింది. తోట బడిలో ఒక చైనీస్ మాస్టారు పాతించిన ఒంటి బుట్ట స్తంభం కింద ఆట నేర్చుకుంది. ఆమెను నేను వేళాకోళం చేస్తాను గానీ, ఆమె పని చేస్తుంటే చూడడం నాకు ఇప్పటికీ పండగే. ప్రాక్టీసు జరుగుతుంటే ఆమె కోర్టు వైపు చూడదు. గోడ వైపు తిరిగి నిలబడి బంతి చప్పుడు వింటుంది. చూడకుండానే, "ఎడం సేతిలో బంతి ఏడస్తంది, దాన్ని ఓదార్సు" అని కేకేస్తుంది. ఎవరి బంతో ఆ పిల్లకు తెలిసిపోతుంది. ఓడిపోయిన మర్నాడు పిల్లల్ని పరిగెత్తించే కోచ్‌లు బోలెడుమంది ఉన్నారు. వాళ్ళతో పాటు తనూ పరిగెత్తే కోచ్‌ని నేను ఈమెను తప్ప చూడలేదు. అదీ పాడైపోయిన మోకాలితో.

ఆ మోకాలి కథ చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఆమె మంచి ఊపులో ఉన్న రోజుల్లో ఒక పేపరు పెద్ద ఫోటో వేసి, ఇలాంటి క్రీడాకారిణి మళ్ళీ పుట్టదని రాసింది. ఆ వారంలోనే ఆటలో మోకాలు మెలిపడి ఆట అయిపోయింది. "నరుడి కంటికి నల్లరాయి పగులుతుంది" అని మా అత్తగారు ఆ పేపరు పొయ్యిలో పెట్టేసింది. మా తెలుగువాళ్ళ లైను ఇళ్ళల్లో అందరిదీ ఇదే వరస. పసిబిడ్డను చూడ్డానికి వచ్చినవాళ్ళు ముద్దుగా ఉందని అన్నారంటే వాళ్ళు బయటివాళ్ళని లెక్క. మనవాళ్ళయితే, ఏటిది కోతిపిల్లలాగున్నాది అంటారు. మా అమ్మాయి వనెస్సా పుట్టినప్పుడు మా వదిన సరిగ్గా ఆ మాటే అంది, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని.

చర్చిలో పాస్టరుగారు దిష్టి అనేది లేదని ఎన్నోసార్లు చెప్పారు. మా వదిన బుద్ధిగా విని ఉప్పూ మిరపకాయలూ తిప్పడం మానేసింది. కానీ మనిషి బాప్తిస్మం పుచ్చుకున్నా ఆ నాలుక పుచ్చుకోలేదు.

ఇక తనూష సంగతి. హుటాన్ మెలింటాంగ్‌లో పడవలు బాగుచేసే కూర్మయ్య కూతురు. బళ్ళ పోటీల్లో ఆ పిల్ల ఆట చూసి మా వదిన మోటారుసైకిలు మీద వాళ్ళింటికి పోయి, "మీ గుంటని నాకాడ ఒగ్గీయండి, నా బిడ్డలాగ సూసుకుంటాను" అని అడిగింది. మా వదిన పెళ్ళి చేసుకోలేదు. తనూషను క్లాంగ్ తెచ్చి తన ఇంట్లో పెట్టుకుంది. ఆదివారం తను చర్చికి పోతూ దారిలో తనూషను గుడి దగ్గర దింపేది, వస్తూ ఎక్కించుకునేది. ఆ పిల్ల ఇప్పుడు పెద్దదై మా జట్టు కెప్టెన్ అయింది. కోర్టులో కోచ్ అంటుంది, ఇంట్లో అత్తా అంటుంది. తెలుగు అంతా అర్థమవుతుంది, మాట్లాడితే మాత్రం తమిళమూ మలయ్ భాషా కలిసిపోతాయి. ఇన్నేళ్ళలో మా వదిన ఆమెను ఒక్కసారైనా బాగా ఆడావని అన్న పాపాన పోలేదు.

ఈ ఏడాది సెమీఫైనల్లో చివరి నిమిషం వరకూ మేం వెనకబడే ఉన్నాం. బంతి తనూష చేతిలో ఉంది. తనే వేస్తుందని అవతలివాళ్ళంతా మీదికి వచ్చారు. తనూష బుట్ట వైపే చూస్తూ, చూడని వైపుకి బంతి జార్చింది. అక్కడ కొత్తగా చేరిన పిల్ల ఒంటరిగా నిలబడి ఉంది. వేసేసింది. స్టేడియం లేచి నిలబడింది. నేను ఎవరో తెలియని ఒక ముసలాయన్ని కావలించుకున్నాను. ఓ పక్కకు చూస్తే, మా వదిన గోడకు చెయ్యి ఆన్చి తల దించుకుని ఉంది. ఏడుస్తోందని నాకు తెలుసు.

సరిగ్గా అప్పుడే లైవ్ ప్రసారం చేసే అమ్మాయి మైకు పట్టుకొచ్చింది. "కోచ్, తనూష ఈ దేశంలోకెల్లా గొప్ప గార్డు అని ఒప్పుకుంటారా?" అని అడిగింది. గార్డు అంటే బంతిని నడిపించే ఆటగత్తె. మా వదిన మొహంలో రంగు మారింది. లక్షలమంది చూస్తున్నారు, అన్ని కళ్ళు ఒక్క పిల్ల మీద. చటుక్కున ఇంగ్లీషులో, చివర ఇక్కడి ఊతపదం 'లా' తగిలించి అంది: "అబ్బే, ఏమంత గొప్ప లేదు లా. ఆ మాత్రం ఎవరైనా ఆడతారు."

నేను తల పట్టుకున్నాను. మా ఇంట్లో అయితే ఈ మాటకు అర్థం 'నా బిడ్డను దేవుడే కాపాడాలి' అని. కానీ చూసేవాళ్ళంతా మా ఇంటివాళ్ళు కాదు కదా. తెల్లారేసరికి ఆ ముక్క అందరి ఫోన్లలోకీ పాకింది. కోచ్‌కి ఈర్ష్య అన్నారు. తనకు దక్కని పేరు ఈ పిల్లకు వస్తోందని ఓర్వలేకపోతోంది అన్నారు. ఫైనల్‌కి ముందే కోచ్‌ని తీసేయాలని ఒక గుంపు తయారైంది. జట్టుకు డబ్బు పెట్టే కంపెనీ వాళ్ళు కోచ్ క్షమాపణ చెప్పాలని అడిగారు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అనలేదు పెద్దలు.

దాని వెనకే రెండో పుకారు లేచింది. పెనాంగ్ జట్టు తనూషను అడుగుతోందట, బదులుగా బుట్ట కింద ఆడే వాళ్ళ పొడుగాటి సెంటర్‌ను ఇస్తారట. ట్రేడ్ అంటారు దీన్ని, ఇక్కడి ఆటగత్తెను అక్కడికీ అక్కడి ఆటగత్తెను ఇక్కడికీ మార్చుకోవడం. నేను పుకారే అనుకున్నాను. మా జనరల్ మేనేజర్ కోగిలన్‌ని అడిగితే కుర్రాడు నసిగాడు. "నిజమే అక్కా. కోచ్‌కే ఆమె మీద నమ్మకం లేనప్పుడు మేం పట్టుకు కూర్చుని ఏం లాభం?" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. చెప్పిన మాటకు చెప్పిన అర్థమే ఉంటుందని నమ్మే రకం.

నేను తిన్నగా తనూష దగ్గరికి పోయాను. పిల్ల షూ లేసులు కట్టుకుంటోంది. "అత్త అన్న మాటకి బాధపడినావేటే?" అని అడిగాను. తలెత్తి నవ్వింది. "ఎందుకు ఆంటీ? అత్త ఎప్పుడూ అట్లానే గదా లా" అని బంతి తీసుకుని పోయింది. ట్రేడ్ మాట ఎత్తితే మాత్రం ఆ నవ్వు లేదు. "అత్త పంపదు" అంది, అంతే.

ఆ సాయంత్రం మా వదిన ఇంటికెళ్ళి గట్టిగా పోట్లాడాను. వదినా మరదళ్ళం, మాకు మొహమాటాలేం లేవు.

"నీ ఒక్క మాటవల్ల పిల్ల పెనాంగ్ పోతాది. నోరు తెరిసి దాని ఇలువేటో సెప్పొదినా! నీ సొమ్మేటి పోతాది?"

ఆమె కూరగాయలు తరుగుతూ తలెత్తలేదు. "నన్ను పీకేస్తే పీకీమను. నాకేటి?"

"నీ గురించి గాదు. తనూష గురించి."

కత్తిపీట ఆగింది. "నా మోకాలు సూసినావు గదే. దేశమంతా నన్ను పొగిడినాక ఏటయ్యిందో సూసినావు గదా. నేను నమ్మను దిష్టీ గిష్టీ. కానీ ఎందుకొచ్చిన గొడవ? దాని కాళ్ళు సల్లగుండాల."

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ మాట అన్నప్పుడు ఆమె మొహం చూస్తే ఇక తిట్టలేకపోయాను. ప్రపంచమంతా తనను ఈర్ష్యపోతు అంటున్నా ఒక్క సంజాయిషీ ఇచ్చుకోకుండా, ఆ పిల్ల కాళ్ళ కోసం తిట్లన్నీ మింగుతోంది. అంత పట్టుదల నాకు లేదు, నాకు తెలిసినవాళ్ళెవరికీ లేదు. మొండిది, మహా మొండిది, కానీ అలాంటి మనిషి చేతికింద పెరిగిన పిల్ల అదృష్టవంతురాలని అప్పుడు అనుకున్నాను.

ఫైనల్ ఆదివారం. శుక్రవారం పొద్దున టావ్‌కే నుంచి పిలుపు వచ్చింది. ఇక్కడ యజమానిని టావ్‌కే అంటారు. మా టావ్‌కే లియోంగ్ గారికి ఫర్నిచర్ ఫ్యాక్టరీ ఉంది. మనిషి మంచివాడే, ఆట మీద ప్రేమ ఉన్నవాడే, కాకపోతే ఏ సామానైనా తీసుకునే ముందు తట్టి చూసే అలవాటు. స్టేడియం పైఅంతస్తులో ఆయన గదిలో మేం కూర్చున్నాం. బల్లకు అటు టావ్‌కే, కోగిలన్. ఇటు మా వదిన, నేను. తనూషకు సంబంధించిన విషయం గనక ఆమెనూ పిలిచారు. పిల్ల తలుపు దగ్గర కుర్చీలో ఒళ్ళో బ్యాగు పెట్టుకుని కూర్చుంది.

"పెనాంగ్ వాళ్ళు సాయంత్రంలోగా జవాబు అడిగారు. ఫైనల్ అవగానే మార్పిడి," అన్నాడు కోగిలన్. ఆ గదిలో మాటలన్నీ ఇంగ్లీషులోనే.

టావ్‌కే మా వదిన వైపు తిరిగాడు. "కోచ్, నాకు డొంకతిరుగుడు తెలియదు. ఈ పిల్లను ఎందుకు ఉంచుకోవాలో నువ్వు చెప్పు. చెప్పలేకపోతే సంతకం పెడతాను."

మా వదిన కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. నోరు తెరిచింది, మూసింది. నేను బల్ల కింద ఆమె కాలు తొక్కాను. ఆమె కళ్ళు మూసుకుని లోపల ఏదో ప్రార్థన చేసుకుంది. పెదవులు కదలడం నేను చూశాను. తర్వాత మొదలుపెట్టింది.

"సార్, నేను దేశం తరఫున ఆడాను. నాతో ఆడినవాళ్ళను చూశాను, నా తర్వాతవాళ్ళను చూశాను. ఈమెలాంటి గార్డును చూడలేదు. అందరూ బంతి ఉన్నచోట చూస్తారు, ఈమె బంతి వెళ్ళాల్సిన చోట చూస్తుంది. అది నేను నేర్పలేదు, నాకే రాదు. జట్టు బాగా ముందున్నప్పుడు కూడా బయటికి పోయే బంతి కోసం నేల మీద పడుతుంది. ఎందుకే అంటే, కొత్త పిల్లలు చూస్తున్నారు కదా అంది నాతో. కొత్త పిల్ల తప్పు చేస్తే ఈమె చెయ్యెత్తి తప్పు తనదంటుంది. నేను మంచి ఊపులో ఉన్నప్పటి ఆట ఈమె ఆటలో సగం కూడా ఉండదు. పేపర్లో నా గురించి రాసిన మాటలు నాకు కాదు, ఈమెకు రాయాల్సినవి. మీరు సంతకం పెడితే పెట్టండి. కానీ ఇలాంటి మనిషి మళ్ళీ మీ కోర్టులో అడుగుపెట్టదు."

మా వదిన నుదురంతా చెమట పట్టింది. ఆమె ఎంత ధైర్యం చేసిందో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. నా వదిన అని గర్వపడ్డాను. కోగిలన్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. టావ్‌కే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది ఆ రోజు మైకులో చెప్పి ఉంటే ఇంత రచ్చ ఉండేది కాదు కదా," అని, కాగితం పక్కన పెట్టేశాడు. "సరే, నాకు చాలు. ఇక ఆ పిల్ల ఇష్టం. తనూషా, ఉంటావు కదా?"

నేను నవ్వుతూ వెనక్కి తిరిగాను. తనూష మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"పెనాంగ్ వెళ్తాను సార్," అంది.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. కోగిలన్, అసలు ఈ ఇద్దరి మధ్యా ఏముంది అన్నట్టు నన్ను చూశాడు. నేను లేచి ఆ పిల్ల దగ్గరికి పోయి తెలుగులో అడిగాను. "ఏటే, మతిపోయినాదా? నీ గురించి అత్త ఏటి సెప్పిందో ఇన్లేదా?"

"విన్నాను ఆంటీ." బ్యాగు పట్టీ నలుపుతూ, మాటలు వెతుక్కుంటూ చెప్పింది. "అవతలి టీమ్ పిల్లల్ని అత్త అట్లా అంటాది. వెరీ గుడ్ ప్లేయర్, నైస్ గర్ల్ అంటాది. పక్కింటి పిల్లకి మార్కులు వస్తే అట్లా అంటాది. నన్ను ఎప్పుడూ అన్లేదు. నేను అత్త ఇంటిపిల్ల గదా, అందుకే అన్దు అనుకున్నాను." బ్యాగు పట్టీ వదిలేసింది. "ఇయాళ అన్నాది. అంటే నేను కూడా బైటిపిల్లని అయిపోయినాను. పంపించీడానికే గదా."

నిజమే కదా. ఇప్పుడు నా పులుసు తిని మా వదిన మెచ్చుకుంటే నేనూ ఆ రోజే పుట్టింటికి పోతానేమో. ఇన్నేళ్ళ తిట్లను ఈ పిల్ల గుండెల్లో దాచుకుని బతికింది. మేం అందరం కలిసి, పొగడమని బలవంతపెట్టి, ఒక్క పూటలో ఆమెను ఇంట్లోంచి బయటికి నెట్టేశాం.

కుర్చీ కిర్రుమంది. మా వదిన లేచి నిలబడింది. ముక్కుపుటాలు అదురుతున్నాయి. టావ్‌కే ఉన్నాడనీ, అది ఆఫీసనీ మరిచిపోయింది.

"ఓలమ్మో, తిక్కదానా! పెనాంగ్ ఎల్తావేటే? ఎల్లి ఏటి ఆడతావే? ఆ ఎడం సెయ్యి సెయ్యేనా, గరిటా? మొన్న సెమీలో ఎన్ని ఫ్రీ త్రోలు తగలేసినావు? నానేటీ సెప్పలేదని మంచిగున్నాదనుకున్నావా? పొద్దున లేపితే లెగవు. తిన్న పళ్ళెం కడగవు. ఇడిసిన గుడ్డలు మూల పారేస్తావు. అక్కడ నీకు అన్నం ఎవులెడతారే? కూరలో ముల్లు ఎవులు తీస్తారే? కూర్మయ్య నా బిడ్డ ఏదమ్మా అంటే నానేటి సెప్పాలే?"

తనూష తలెత్తింది. మా వదిన ఆపలేదు.

"నువ్వు ఎల్లిపోతే రేపట్నించి నాను ఎవుల్ని తిట్టాల? సెప్పు! ఎవుల్ని తిట్టాల నాను?"

కోగిలన్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అంతా పోయిందని అతని బాధ. టావ్‌కే కంగారుగా నా వైపు వంగి, "ఏమంటోంది? మళ్ళీ తిడుతోందా?" అని అడిగాడు.

గరిటనూ, చేప ముల్లునూ, కూర్మయ్యనూ నేను ఇంగ్లీషులో ఎలా చెప్పను?

"లేదు సార్," అన్నాను. "వెళ్ళొద్దని బతిమాలుతోంది."

ఆయన నమ్మలేదు. మా వదిన వైపు చూశాడు, నా వైపు చూశాడు, చివరికి తలుపు దగ్గరున్న పిల్ల వైపు చూశాడు. తనూష చెంపలమీద ధారలుగా కారుతున్న నీళ్ళను జెర్సీతో తుడుచుకుంటోంది. మొహం మాత్రం విప్పారి ఉంది.

"మరి నీ జవాబేమిటి?" అని అడిగాడు టావ్‌కే.

"సారీ సార్, పెనాంగ్‌కి కుదరదు," అంది తనూష. "ఇంట్లో పళ్ళేలు కడగాలి."